ఎడమ ముందు చక్రం నట్లు: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 3, ఆదివారం

ఏలూరులో పెళ్ళికి బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ దాటాక ఎడమ ముందు చక్రం వైపు నుంచి టక్, టక్ అని శబ్దం మొదలైంది. అద్దం దించి విన్నాను. బండి వేగం తగ్గిస్తే శబ్దం కూడా నెమ్మదిస్తోంది. బ్రేకు మీద కాలు పెడితే ఒక్కసారి గట్టిగా టక్‌మని ఆగిపోతోంది. కలపర్రు టోల్ గేటు ఇంకా రాకముందే పక్కకి తీసి ఆపాను.

నాలుగు నట్లలో రెండు చేత్తోనే తిరిగాయి. మిగతా రెండూ పాన వేయగానే కదిలాయి.

పట్టుచీర కొంగు నడుముకి చుట్టుకుని మా ఆవిడ కూడా దిగింది.

"ఏమండీ, చక్రం ఊడిపోతుందా?"

"ఊడదులే. నట్లు వదులయ్యాయి, అంతే."

"అంతేనా!"

ఆవిడ అన్న తీరుకి నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఇది మూడోసారి. జూన్ చివర్లో ఒకసారి, జులైలో ఒకసారి ఇదే చక్రం, ఇదే శబ్దం. రెండుసార్లూ వీల్ స్పానర్ మీద ఎక్కి నిలబడి బిగించి, చేతులు దులుపుకుని వచ్చేశాను. ఇవాళా అదే చేసి, నలభైలో నడుపుకుంటూ మంగళవాద్యాల టైముకి ఎలాగో చేరాం. భోజనాల దగ్గర కూడా ధ్యాస చక్రం మీదే. తిరుగు ప్రయాణంలో రెండుసార్లు ఆపి చూశాను.

ఇక దీని సంగతేంటో తేలేదాకా రాసుకుంటూ పోదామని ఈ డైరీ.

బండి వివరాలు: 2012 హోండా సిటీ. పటమట నుంచి ఏలూరు ఆఫీసుకి వారానికి ఐదు రోజులు, రానూపోనూ 120 కిలోమీటర్లు. టైరు 175/65 ఆర్15. జూన్ మొదటి వారంలో పాత ఇనుప చక్రాలు తీసేసి, బయట కొన్న అల్లాయ్ చక్రాలు వేయించాను. అంతకు ముందు పదమూడేళ్ళలో ఒక్క నట్టు కూడా వదులైన జ్ఞాపకం లేదు.

ఈ చివరి వాక్యం రాశాక అల్లాయ్ షాపు వాడి మీద అనుమానం పెట్టుకున్నాను. అది సగమే నిజమని తేలడానికి రెండు వారాలు పట్టింది.

ఆగస్టు 5, మంగళవారం

టార్క్ రెంచి కొన్నాను, అనుకున్న బిగింపు రాగానే క్లిక్‌మనే పాన. రెండు వేల చిల్లర. ఇన్నాళ్ళూ ఇది మెకానిక్కుల వస్తువు అనుకునేవాణ్ణి, కానీ ఆటోనగర్‌లో నేను చూసిన మెకానిక్కుల్లో సగం మంది చేతుల్లో కూడా ఇది లేదు.

బండితో వచ్చిన పుస్తకం ప్రకారం వీల్ నట్టు బిగింపు 108 న్యూటన్ మీటర్లు, అంటే 11 కేజీ మీటర్లు. నేను చేసింది ఎంతో లెక్కేశాను. నా బరువు 78 కిలోలు, స్పానర్ చెయ్యి 30 సెంటీమీటర్లు. చివర ఎక్కి నిలబడితే దగ్గర దగ్గర 230 న్యూటన్ మీటర్లు. కావాల్సినదానికి రెట్టింపు పైనే.

నట్టు బిగించడమంటే నిజానికి స్టడ్డుని, అంటే హబ్బు (చక్రం తగిలించే గుండ్రటి దిమ్మ) నుంచి పొడుచుకొచ్చిన మర కడ్డీని, లాగి సాగదీయడం. సాగిన స్టడ్డు రబ్బరు బ్యాండులా వెనక్కి లాగుతుంది, ఆ లాగుడే చక్రాన్ని హబ్బుకి అదిమి పట్టుకుంటుంది. బండి బరువుని స్టడ్లు కర్రల్లా మోస్తాయనుకుంటాం గానీ, మోసేది చక్రానికీ హబ్బుకీ మధ్య పుట్టే రాపిడి. మనం తిప్పే శక్తిలో పదో వంతే స్టడ్డుని సాగదీయడానికి పోతుంది. మిగతాదంతా నట్టు కింద, మరల మధ్య రాపిడికి ఖర్చయిపోతుంది. పొడి మరల మీద 108 దగ్గర ఆపితే ఒక్కో స్టడ్డు చక్రాన్ని సుమారు నాలుగున్నర టన్నుల బలంతో పట్టుకుంటుంది. నాలుగూ కలిపి 18 టన్నులు. ఆ లెక్కన 230 దగ్గర ఒక్కో దాని మీదా తొమ్మిదిన్నర టన్నులు. 12 మిల్లీమీటర్ల స్టడ్డు, గట్టి ఉక్కుదే (10.9 గ్రేడు) అనుకున్నా, సాగి మళ్ళీ మామూలు పొడవుకి రాగలిగే హద్దు ఏడు టన్నుల పైచిలుకు. అంటే మూడుసార్లు దాని నడుం విరగ్గొట్టి, గట్టిగా బిగించానన్న తృప్తితో నిద్రపోయాను.

సాయంత్రం జాకీ వేసి, నాలుగు చక్రాల నట్లూ వదులు చేసి, ఎదురెదురుగా ఉన్నవాటిని వరుసగా 108కి బిగించాను. మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్‌తో నట్టు అంచు నుంచి చక్రం మీదకి సన్నటి గీత గీశాను. నట్టు కదిలితే గీత విరుగుతుంది. గాలి పెట్టే వాల్వు దగ్గర్నుంచి గడియారం తిరిగే వైపు 1, 2, 3, 4 అని నంబర్లు ఇచ్చాను.

ఆగస్టు 6, బుధవారం

120 కిలోమీటర్ల తర్వాత. ఎడమ ముందు చక్రం: 1 కదల్లేదు, 2వది రెండు మిల్లీమీటర్లు వెనక్కి, 3 కదల్లేదు, 4వది ఒక మిల్లీమీటరు వెనక్కి.

రెండు మిల్లీమీటర్లే కదా అనిపించింది. కాగితం మీద పెట్టి చూస్తే భయమేసింది. నట్టు అంచు దగ్గర రెండు మిల్లీమీటర్లంటే దాదాపు 10 డిగ్రీలు. మర ఒక చుట్టుకి 1.5 మిల్లీమీటర్లు కదులుతుంది, కాబట్టి 10 డిగ్రీలకి నట్టు వెనక్కి జరిగేది 0.04 మిల్లీమీటర్లు. సరిగ్గా బిగించినప్పుడు స్టడ్డు సాగేది ఎంత? నా లెక్కకి 0.05 వచ్చింది. మామూలు జిరాక్స్ కాగితం మందంలో సగం. ఆ సగం కాగితం మీదే నాలుగున్నర టన్నుల బిగింపు ఆధారపడి ఉంది. అందులో ఐదింట నాలుగు వంతులు పోయాయి. కంటికి ఇంకా నట్టు బిగించినట్టే ఉంది.

మిగతా మూడు చక్రాల గీతలు చెక్కుచెదరలేదు. అయినా రెంచి పెట్టి చూస్తే, క్లిక్‌మనే ముందు అన్నీ రెండు మూడు డిగ్రీలు ముందుకి తిరిగాయి. తిరక్కుండానే బిగింపు తగ్గిందన్నమాట.

ఇక్కడే ఆగి ఆలోచించి ఉండాల్సింది. రోగం ఒక్క చక్రానిది కాదని బండి చెబుతోంది. నేను మాత్రం ఎడమ చక్రం చుట్టూనే తిరిగాను.

ఆగస్టు 9, శనివారం

చక్రం విప్పాను. ముందు బేరింగు అనుమానం తీర్చుకోవాలి. జాకీ మీద ఉండగానే టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాను, ఆట లేదు. చేత్తో తిప్పితే గరగర లేదు. బేరింగు బాగానే ఉంది.

డిస్కు మొహం మీద, చక్రం ఆనుకునే చోట, తుప్పు పొలుసులు కట్టి ఉంది. కృష్ణా జిల్లా వానలకి ఇది మామూలే. వైర్ బ్రష్షుతో, తర్వాత ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దాను. అల్లాయ్ వెనక వైపు చూస్తే, హబ్బుకి ఆనుకునే ముఖం మీద కూడా నల్ల పెయింటు. పౌడర్ కోటింగ్ మందం మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్లు, అంటే 0.06 నుంచి 0.1 మిల్లీమీటర్లు. మొన్నటి సగం కాగితం లెక్క గుర్తొచ్చింది. వేడికీ ఒత్తిడికీ ఆ పెయింటు నలిగి పక్కకి జారితే చాలు, నట్టు అంగుళం కూడా తిరక్కుండా బిగింపంతా గాలికి పోతుంది. దాన్నీ గీకేశాను. ఒక గంటన్నర పని. నడుం పట్టేసింది.

ఇంకొకటి దొరికింది. సిటీ హబ్బు మధ్య గుబ్బ 56.1 మిల్లీమీటర్లు. ఈ అల్లాయ్ మధ్య రంధ్రం వర్నియర్‌తో కొలిస్తే 73.1. బయట అమ్మే చక్రాలు నాలుగైదు కంపెనీల బండ్లకి సరిపోవాలని ఇలా పెద్ద రంధ్రంతో చేస్తారు. మధ్యలో ఖాళీ పూడ్చడానికి ఒక రింగు ఉండాలి. మిగతా మూడు చక్రాలకి ప్లాస్టిక్ రింగులున్నాయి. దీనికి లేదు. జులైలో హనుమాన్ జంక్షన్ దగ్గర పంక్చరు వేయించినప్పుడు ఊడిపడి అక్కడే పోయి ఉంటుంది. ఆ రోజు కుర్రాడు టామీ రాడ్డుకి (పాన తిప్పే కడ్డీకి) గొట్టం తొడిగి బిగించడం మాత్రం బాగా గుర్తుంది. నేనే పక్కన నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాను.

రింగు లేదని తెలిశాక దొంగ దొరికాడనుకున్నాను. బజారు నుంచి రింగు తెచ్చి వేసి, 108కి బిగించి, కొత్త గీతలు గీసి, హాయిగా కాఫీ తాగాను.

ఆగస్టు 12, మంగళవారం

దొరకలేదు. రెండు రోజుల ఆఫీసు ప్రయాణం తర్వాత 2వ నట్టు ఒక మిల్లీమీటరు వెనక్కి. ముందుకంటే నయం, అంతే.

ఆగస్టు 14, గురువారం

మా బావమరిది వచ్చాడు. వాడికి టాటా ఏస్ ఉంది కాబట్టి చక్రాల విషయంలో ఇంట్లో వాడి మాటే వేదం.

"స్ప్రింగ్ వాషర్లు వేసెయ్ బావా. లేదంటే లాక్‌టైట్ పోసెయ్, చచ్చినా ఊడవు."

స్ప్రింగ్ వాషర్ మాట వినగానే రాత్రి కూర్చుని కాస్త చదివాను. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లో చూపించిన విషయం ఇది. నట్లని వదులు చేసేది నిలువుగా వచ్చే కుదుపు కాదు, అడ్డంగా జరిగే జారుడు. బిగించిన రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అటూ ఇటూ కొద్దిగా జారినా చాలు, మరల మధ్య రాపిడి ఆ క్షణంలో పనిచేయడం మానేస్తుంది. నట్టు తనంతట తాను వెనక్కి తిరుగుతుంది. ఆయన తయారు చేసిన అడ్డ కుదుపు యంత్రం మీద స్ప్రింగ్ వాషర్ వేసిన నట్లు కూడా ఎంచక్కా వదులైపోతాయి. పైగా వీల్ నట్టు కూర్చునే గుంటలో వాషర్ వేస్తే ఉన్న కాస్త పట్టూ పోతుంది.

లాక్‌టైట్ సంగతి వేరు. అది మర మీద పోసే జిగురు. మరని పట్టుకుంటుందేమో గానీ, నట్టు తిరక్కుండానే బిగింపు తగ్గిపోతుంటే అదేం చేస్తుంది? నట్టు కదల్లేదు కాబట్టి గీత నిటారుగానే ఉంటుంది, లోపల చక్రం మాత్రం ఊగుతుంటుంది. నాకు తెలిసేది కూడా తెలియకుండా పోతుంది.

నా బండి సంగతికి వస్తే, టైరు చుట్టుకొలత 1.9 మీటర్ల చిల్లర. ఏలూరు చేరేసరికి చక్రం 31 వేల సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులో ఒకసారి బండి బరువు ఒక్కో నట్టు వైపు నుంచి ఇంకో నట్టు వైపుకి మారుతుంది. ఎక్కడైనా రవ్వంత జారుడు ఉందంటే అది రోజుకి 62 వేల సార్లు జారుతుంది.

కాబట్టి అడగాల్సింది "ఎలా బిగించాలి" అని కాదు. "ఏం జారుతోంది, ఎందుకు జారుతోంది" అని. ఇది రాసుకుని పడుకున్నాను. బావమరిదికి చెబితే "నీకు లీవులెక్కువయ్యాయి బావా" అన్నాడు.

ఆగస్టు 16, శనివారం

ఆటోనగర్ వెళ్ళాను. మా నాన్న హయాం నుంచీ తెలిసిన లేత్ షాపు ఒకటుంది. పెద్దాయనకి డెబ్బై దాటాయి. ఇప్పుడు లేత్ ముట్టుకోరు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కొడుకు పనికి వంకలు పెడుతుంటారు.

మూడుసార్లు వదులైన కథ మొత్తం చెప్పాను. టార్క్ రెంచి, సగం కాగితం లెక్కలు అన్నీ. ఆయన మధ్యలో ఒక్కసారే మాట్లాడారు.

"ఎడం పక్కేనా?"

"అవును బాబాయ్."

"ఎప్పుడూ ఎడం పక్కే. మా రోజుల్లో లారీలకి ఎడం చక్రాలకి ఎడం మర స్టడ్లు ఉండేవి. పాత జీపులకీ అంతే. స్టడ్డు చివర ఎల్ అని కొట్టి ఉండేది. తెలియని కుర్రాళ్ళు విప్పుతున్నామనుకుని బిగించేవాళ్ళు. టప్‌మని తెగేది. సాయంత్రానికి నా దగ్గరికే."

ఎడమ చక్రం బయట నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. కుడి మర నట్టు, అంటే మామూలు నట్టు, వదులయ్యేదీ ఆ దిశలోనే. నట్టులో సందు ఉండి అది గుంటలో దొర్లడం మొదలుపెడితే, ఎడమ వైపు ఆ దొర్లుడు విప్పే వైపుకి పోతుంది, కుడి వైపు బిగించే వైపుకి. పాతకాలం వాళ్ళు మర మార్చి దీన్ని ఆపారు. కార్ల వాళ్ళు నట్టు మొదలుని వాలుగా చేసి, గుంటని దానికి తగ్గట్టు చేసి ఆపారు. నట్టు గుంటలో నిండా కూర్చుంటే దొర్లడానికి చోటుండదు, ఎడమ మర అవసరం ఉండదు.

"మరి నా దానికి ఎందుకు దొర్లుతోంది బాబాయ్?"

"నన్నడుగుతావేం? నట్టు ఎక్కడ కూర్చుంటోందో ఎప్పుడన్నా చూశావా అబ్బాయ్?"

చూళ్ళేదు. ఎంత బిగించానో, ఎంత వదులైందో చూశాను. అది మాత్రం చూళ్ళేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఈ రోజు గురించి కొంచెం వివరంగా రాయాలి.

ఎక్కడ ఆనుకుంటోందో చూడటానికి వర్క్‌షాపుల్లో నీలి రంగు ముద్ద ఒకటి వాడతారు. నా దగ్గర లేదు. మా ఆవిడ కాటుక డబ్బా కనిపించింది. అల్లాయ్ గుంట నాలుగూ తుడిచి, పుల్ల చివర్న దూది చుట్టి, కాటుక పలచగా లోపలంతా పూశాను. నట్టుని శుభ్రంగా తుడిచి, మర మీద చేత్తో తిప్పి, పానతో చిన్నగా బిగించి, వెంటనే విప్పి తీశాను.

నట్టుని వెలుతురులోకి తెచ్చి చూస్తే దాని మొదలు చుట్టూ ఒకే ఒక నల్లటి గీత. దారం మందం. మిగతా మొదలంతా తళతళలాడుతోంది. గుంటలో చూస్తే నల్లటి కాటుక మధ్య దారం మందం తెల్లటి రింగు. ఆ రింగు దగ్గర గోరు పెట్టి గీకితే తగిలింది. అల్యూమినియం అక్కడ గాడి పడింది. నా 78 కిలోల పనితనం.

నట్టుని పక్కనుంచి చూశాను. పదమూడేళ్ళుగా నా బండికి ఉన్న నట్టు. దాని మొదలు గుండ్రంగా ఉంది, గోళీలో ఒక ముక్క కోసి పెట్టినట్టు. గుంటలో వేలు పెట్టి చూశాను. అది నున్నటి వాలు, గరాటా.

గరాటాలో గోళీ వేస్తే అది ఒక్క గీత మీదే ఆనుతుంది. అటూ ఇటూ కదిపితే హాయిగా దొర్లుతుంది.

హోండా వాళ్ళు తమ చక్రాలకి గోళీ ఆకారపు నట్లు వాడతారు. 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఉండే గుండ్రటి మొదలు, దానికి సరిపడా గుండ్రటి గుంట. బయట దొరికే అల్లాయ్‌లు దాదాపు అన్నీ 60 డిగ్రీల వాలు గుంటతో వస్తాయి. నట్టు మరా ఒకటే, పాన సైజూ ఒకటే, చేత్తో వేస్తే నున్నగా ఎక్కుతుంది. బయటికి ఏ తేడా తెలియదు. 108 బిగింపంతా దారమంత గీత మీద పడితే మెత్తటి అల్యూమినియం నలుగుతుంది. నలిగిన కొద్దీ సగం కాగితం సాగుడు తగ్గుతుంది. తగ్గాక చక్రం రవ్వంత జారుతుంది. జారితే నట్టు దొర్లుతుంది. ఎడమ వైపు అది విప్పుకుంటూ దొర్లుతుంది. మర్నాడు నేను ఎక్కి తొక్కి గాడిని ఇంకొంచెం లోతు చేస్తాను.

మిగతా మూడు చక్రాలకీ కాటుక పెట్టి చూశాను. అన్నిటికీ అదే దారం. వాటిని నేను ఎక్కి తొక్కలేదు, పంక్చరు కుర్రాడు గొట్టం వేయలేదు, రింగులు ఊడలేదు. అందుకే ఇంకా నిలబడ్డాయి. ఎన్నాళ్ళు నిలబడేవో మరి.

"ఏమండీ, నా కాటుక ఇలా ఎవరు కెలికారు?" అని లోపల్నుంచి కేక. కొత్త డబ్బా బాకీ.

ఆగస్టు 18, సోమవారం

రాత్రి నిద్ర పట్టలేదు. జూన్‌లో అల్లాయ్‌లు వేయించిన రోజు మొత్తం కళ్ళ ముందు తిరిగింది.

షాపులో కుర్రాడు అల్లాయ్‌లతో పాటు కొత్త నట్లు తీశాడు. మెరుస్తూ, తేలిగ్గా, బొమ్మ నట్లలా ఉన్నాయి. "ఇవి వద్దు, నా ఒరిజినల్ నట్లే వెయ్" అన్నాను. "సార్, అల్లాయ్‌కి ఇవే వెయ్యాలి" అన్నాడు వాడు. ఎందుకో చెప్పలేకపోయాడు. నాకేమో డబ్బులు గుంజడానికి అంటున్నాడనిపించింది. కంపెనీ నట్లని మించినవి ఉంటాయా అని గట్టిగా అన్నాను. వాడు షాపు ఓనరు వంక చూశాడు. ఓనరు "సార్ చెప్పినట్టు వెయ్‌రా" అన్నాడు.

ఓనరుకి తెలిసి ఉండాలి, తెలిసి కూడా ఊరుకున్నాడు. అది వాడి తప్పు. కానీ ముందు నోరెత్తింది నేను. కుర్రాడు కరెక్టు.

రెండు వారాల నా లెక్కలన్నీ సరైనవే. హబ్బు తుప్పు, పెయింటు, రింగు, అన్నీ నిజంగానే ఉన్న దోషాలు. అవి సరిచేశాకే రెండు మిల్లీమీటర్లు ఒకటికి తగ్గింది. మూలం మాత్రం నట్టు కూర్చునే చోటే ఉంది.

ఈ వారం ఆఫీసుకి రైల్లో.

ఆగస్టు 23, శనివారం

ఆ షాపుకే వెళ్ళాను. కుర్రాడు గుర్తుపట్టాడు. "వాలు నట్లు కావాలి, 12 బై 1.5" అన్నాను. నవ్వు ఆపుకుంటూ డబ్బా తీశాడు. నేనూ నవ్వేశాను.

పదహారు నట్లు. అక్కడే ఒక్కొక్కటీ నా స్టడ్డు మీద చేత్తో తిప్పి చూసుకున్నాను. ఒకటి మాత్రం రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. వేరే డబ్బా నుంచి కలిసిపోయిన 12 బై 1.25 నట్టు, మారుతి బండ్లది. గాలి గన్‌తో బిగించి ఉంటే మర కోసుకుంటూ లోపలికి పోయేది. చేత్తో చివరిదాకా తిరగని నట్టుకి పాన పెట్టకూడదు, అంతే.

మిగతా మూడు చక్రాల స్టడ్ల మీద కొత్త నట్లు నున్నగా ఎక్కాయి. ఎడమ ముందు చక్రానికి 2, 4 స్టడ్ల మీద సగం దాకా బాగానే వెళ్ళి బిగుసుకున్నాయి. ఇక్కడ నట్టు తప్పు లేదు. స్టడ్డు అక్కడ సాగిపోయి, మర చుట్ల మధ్య దూరం పెరిగింది. 2, 4. నెయిల్ పాలిష్ చూపించినవే.

ఆగస్టు 24, ఆదివారం

ఆటోనగర్‌లో హబ్బు విప్పించి, ప్రెస్ మీద పెట్టి నాలుగు స్టడ్లూ మార్పించాను. రెండే పోయాయి కదా అంటే, మిగతా రెండూ అదే తొక్కుడు తిన్నాయన్నాడు మెకానిక్కు. కాదనలేకపోయాను. హబ్బు లాగితే బేరింగు దెబ్బతింటుంది, పాతది మళ్ళీ వేయకూడదు. బాగున్న బేరింగుని పారేసి కొత్తది కొనాల్సి వచ్చింది. ఎక్కి తొక్కినందుకు కట్టిన జరిమానాలో ఇదే పెద్దది.

పెద్దాయన పాత స్టడ్డుని కొత్తదాని పక్కన పెట్టి, మరలో మర కలిపి, వెలుతురుకి ఎత్తి చూపించారు. పైన రెండూ దువ్వెన పళ్ళలా కలిశాయి. నడుం దగ్గరికి వచ్చేసరికి సన్నటి వెలుగు గీత కనిపించింది.

ఇంటికొచ్చాక మళ్ళీ కాటుక. ఈసారి సొంత డబ్బా. వాలు నట్టు తీసి చూస్తే మొదలంతా నల్లగా నిండుగా అంటింది, గాడి పడిన చోట మాత్రం ఒక తెల్ల రింగు. మూడు గుంటలు ఫర్వాలేదు. 2వ గుంట కోలగా సాగి ఉంది, ఒక పక్క కాటుక అంటనే లేదు. ఆ చక్రం ఇక వాడకూడదని తీసి పక్కన పెట్టాను. అదే డిజైన్‌లో ఒక్క చక్రం దొరకడానికి మూడు షాపులు తిరిగాను.

గుంటల్లో కాటుక మిగలకుండా థిన్నర్‌తో తుడిచాను. జిడ్డు ఉంటే అదే 108కి స్టడ్డు ఇంకా ఎక్కువ సాగుతుంది. మరలకి కూడా నూనె వేయలేదు. "తుప్పు పట్టకుండా ఒక చుక్క వెయ్ బావా" అన్న సలహా వచ్చింది. వద్దన్నాను.

చక్రం నేల మీద ఆనక ముందే నట్లన్నీ చేత్తో కూర్చోబెట్టి, ఎదురెదురుగా 50కి ఒకసారి, 80కి ఒకసారి, జాకీ దించాక 108కి చివరిసారి. నాలుగు చక్రాలూ ఇలాగే. కొత్త గీతలు.

ఆగస్టు 25, సోమవారం

80 కిలోమీటర్ల దగ్గర, ఆఫీసు నుంచి తిరుగు దారిలో ఆపి రెంచి పెట్టాను. కొత్త అల్లాయ్ ఉన్న చోట 1, 3 నట్లు ఒకటి రెండు డిగ్రీలు ముందుకి తిరిగి క్లిక్‌మన్నాయి. కొత్త పెయింటు సర్దుకునేటప్పుడు ఆ మాత్రం ఉంటుంది. వెనక్కి పోయింది ఒక్కటీ లేదు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. బండికి పసుపు, కుంకుమ. మా ఆవిడ ఎడమ ముందు చక్రానికి మాత్రం రెండు బొట్లు పెట్టింది.

ఆగస్టు 31, ఆదివారం

520 కిలోమీటర్లు. గీతలన్నీ నిటారుగా ఉన్నాయి. రెంచి పెడితే పదహారింటికి పదహారూ కదలకుండా క్లిక్.

డిక్కీలో ఒక పని మిగిలింది. స్టెప్నీ పాత ఇనుప చక్రమే, దాని గుంటలు గుండ్రటివి. రేపు దారిలో పంక్చరై స్టెప్నీ వేయాల్సి వస్తే ఈ వాలు నట్లు దానికి పనికిరావు. ఇదే కథ తిరగేసి మొదలవుతుంది. పాత గోళీ నట్లలో బాగున్న నాలుగు ఏరి, గుడ్డ సంచిలో వేసి, స్టెప్నీ మధ్య రంధ్రంలోంచి తాడు పోనిచ్చి కట్టాను. సంచి మీద మార్కర్‌తో "స్టెప్నీకి ఇవి మాత్రమే" అని రాశాను. పంక్చరు షాపు కుర్రాడికి అర్థం కాకపోతే చూపించడానికి కింద ఒక గోళీ, ఒక గరాటా బొమ్మ గీశాను. గరాటా కొంచెం గంటలా వచ్చింది.

సెప్టెంబరు 7, ఆదివారం

1,160 కిలోమీటర్లు. కదల్లేదు. నెయిల్ పాలిష్ రెండు చోట్ల ఎండకి పెచ్చు లేచింది, మళ్ళీ గీశాను.